బోర్లించిన బొండాలు

ఇస్సాకు ప్రాణం తీసింది కొబ్బరి బొండాం. రాజోలు దగ్గర అతని షెడ్డులో శవం పక్కన రెండు ఖాళీ బొండాలున్నాయి. ఒకదాంట్లో విషం.

"దోమల మందు అమ్ముకునే విదేశీ ముఠా పనమ్మా. కోడ్‌నేమ్ ధూపం," ఫోన్లో చీఫ్ సూర్యారావు బ్రీఫింగ్. "కాలవలోకి కరెంటు పల్స్ పంపి లార్వాల్ని చంపే మీ అన్నయ్య మెషీన్ వస్తే వాళ్ల దుకాణం బంద్. కిల్లర్ ఎవడో బయటివాడు. రేపు అమలాపురంలో డెమో. మెషీన్‌కి కాపలాగా మన ఇన్ఫార్మర్ సత్యశ్రీ ఉంది. నువ్వు ఇంటిపట్టునే ఉండు."

ఏజెంట్ రెబెకా ఆ బొండాల్నే చూస్తోంది. రెండూ బోర్లించి ఉన్నాయి.

ఖాళీ అయిన ప్రతిదాన్నీ బోర్లించాలన్నది అన్నయ్య షెడ్డులో చట్టం. చుక్క నీరు నిలిచినా మనుషుల్ని తినేసేవాడు. బయటివాడైతే తాగి విసిరేసి పోతాడు. ఆర్నెల్లుగా అక్కడే పనిచేస్తూ ఆ తిట్లు తిన్నది సత్యశ్రీ ఒక్కతే. మనిషిని చంపాక కూడా చేతికి అలవాటు పోలేదు!

రెబెకా దాన్ని తన చేత్తోనే చంపాలనుకుంది.

మర్నాడు పది గంటలకి కాలవగట్టు నిండా కెమెరాలు. పన్నెండు వోల్టుల పల్స్ మనిషినేం చెయ్యదని చూపించడానికి నలుగురు పారిశుధ్య కార్మికులు మోకాలిలోతు నీళ్లలో నిలబడ్డారు. పట్టుచీర, నల్లకళ్లద్దాలతో వెలిగిపోతూ సత్యశ్రీ స్విచ్ పట్టుకుంది.

మలేరియా వర్కర్ వేషంలో ఉన్న రెబెకాకి గడ్డిలో లావుపాటి వైరు కనిపించింది. బ్యాటరీ మెషీన్‌కి కరెంటు స్తంభంతో ఏం పని? ఫ్యూజ్ బాక్స్ దాకా వెళ్లి, పరుగున వెనక్కి వచ్చింది.

"మూడు... రెండు..."

రెబెకా స్విచ్ లాక్కుంది. "మీరు పైకొచ్చెయ్యండి బాబూ. ముందు మేడమ్‌గారు దిగుతారండీ!"

ఒక్క తోపు. సత్యశ్రీ నీళ్లలో పడింది.

"నొక్కమంటారా అండీ?"

"వద్దండీ! మెయిన్ లైన్ కలిపేను! చచ్చిపోతానండీ!"

"ఎవరు కలపమన్నారు?"

"ధూపంవాళ్లండీ! నలుగురు పోతే ఈ మెషీన్ని ఇంకెవరూ ముట్టుకోరన్నారు!"

"మా అన్నయ్యకి బొండాం ఇచ్చింది మీరేనా?"

"ఆయ్... నేనేనండీ!"

కెమెరాలన్నీ విన్నాయి. రెబెకా స్విచ్ నొక్కింది. సత్యశ్రీ పెట్టిన కేక అవతలి గట్టుకి వినిపించింది.

ఏమీ కాలేదు. ఫ్యూజ్ రెబెకా జేబులో ఉంది. దాన్ని పీకినందుకు ఆమె ఆ క్షణాన నిజంగానే బాధపడింది.

సాయంత్రం చీఫ్ ఫోన్లో మందలించాడు. "నీళ్లలోకి తొయ్యడమేంటమ్మా? అరెస్టు చేస్తే సరిపోయేది కదా?"

"లార్వాని నీళ్లలో ఉండగానే పట్టెయ్యాలనేవాడండీ, మా అన్నయ్య."