ఎడమవైపు తలుపు

మా నాన్న కారు షెడ్డులో కుడివైపు గోడను రాసుకుని నిలబడి ఉంటుంది. రెండు తలుపుల పాతకాలపు బండి. ఆ ఇరుకులో ఎక్కాలన్నా దిగాలన్నా ఎడమ తలుపు ఒక్కటే దిక్కు. దాని బందులు అరిగిపోయాయి. తెరిస్తే రెండు వేళ్ళ మందం కిందికి వాలుతుంది. మూయాలంటే చంటిపిల్లను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తి నెట్టాలి. "ముసలాళ్ళ మోకాళ్ళివి. నూనె పోస్తే మూలుగు తగ్గుతుంది గానీ నడక రాదు" అని నాన్న నవ్వేవాడు. బాగుచేయిద్దాం అంటే, రేపు చూద్దాంలే అనేవాడు.

ఆ రేపు రాలేదు. ఒక మలుపులో ఆ తలుపు దానంతటదే తెరుచుకుంది. పక్క సీట్లో అమ్మ ఉంది. వెనక సీట్లో చిన్నపిల్లాడు, మా తమ్ముడు, అంతా చూశాడు. నేను ఇంటి దగ్గర బట్టలు ఆరేస్తున్నాను. పొద్దున అమ్మ "కదలకు తల్లీ" అంటూ చిక్కు తీసి వేసిన జడ ఇంకా చెదరలేదు.

తర్వాత నాన్న స్టీరింగు ముట్టుకోలేదు. కొన్నేళ్ళకు ఆయనా పోయాడు. ఇప్పుడు నాకు నా అన్నవాడు తమ్ముడొక్కడే. వాడికేమో నిద్ర లేదు. కళ్ళు మూస్తే ఆ తలుపు చప్పుడే వినిపిస్తుందట. దాన్ని బాగుచేసి ఒక్కసారి సరిగ్గా మూసి చూస్తే గానీ మనశ్శాంతి ఉండదక్కా అన్నాడు. దేవుడికి దండం పెట్టుకుని వాడి వెంట షెడ్డుకు వెళ్ళాను.

ముసురు పట్టిన మధ్యాహ్నం. కరెంటు లేదు. రేకుల మీద సన్నగా చినుకులు. కారులోంచి తడిసిన సీటు వాసన, దాని వెనకే గ్రీజు వాసన. పని తెలిసినవాళ్ళు తలుపు కింద జాకీ పెట్టి, పై బందు పిన్ను మార్చి బిగించాకే కిందిదాని మీద చెయ్యి వేస్తారు. అది వాడికీ తెలుసు. కానీ మా ఇంట్లో ఏ పనికైనా ఇంకొకళ్ళ చెయ్యే ఆసరా. నువ్వున్నావుగా, జాకీ ఎందుకన్నాడు. తలుపు ఓరగా తెరిచి, అంచు కింద నా చేతులు పెట్టించాడు.

సుత్తితో మెల్లగా తట్టి పై పిన్ను ఊడదీశాడు. మధ్యలో అరిగి, నడుం సన్నబడి ఉంది. అదే ఊపులో కిందిది కూడా తీసేశాడు. బరువు నా మణికట్లలోకి దిగింది. కాసేపటికి ఆ బరువు తేలిపోయింది. వాడు అందుకున్నాడనుకుని చేతులు తీసేశాను.

"పట్టుకున్నావా అక్కా?" అన్నాడు.

తలెత్తి చూశాను. వాడు నాకు వీపు పెట్టి, కొత్త పిన్నుల పొట్లం విప్పుతున్నాడు.

తలుపు నిలబడే ఉంది. పైన పిన్ను లేదు. కింద పిన్ను లేదు. వెంట్రుకవాసి కూడా వాలలేదు... లోపలినుంచి ఎవరో రెండు చేతులతో పట్టుకున్నట్టు.

భయం వేయాల్సింది. చెయ్యి తిమ్మిరెక్కినట్టు మనసు తిమ్మిరెక్కింది. వాడు వెనక్కి తిరిగాడు. నా ఖాళీ చేతులు చూశాడు. తలుపు చూశాడు.

"పిన్నులు వెయ్యి" అని గుసగుసగా అన్నాను.

వేశాడు. వెన్నలో వేలు దిగినట్టు దిగాయి.

తర్వాత వాడు లోపలికి వెళ్ళి అమ్మ సీట్లో కూర్చుని తలుపు లాక్కున్నాడు. ఎత్తే పని లేకుండానే పడింది. టక్. అద్దం వెనక వాడి ముఖంలో నవ్వు. ఎన్నేళ్ళయిందో ఆ నవ్వు చూసి. ఇక తెరవబోయాడు. రాలేదు. భుజంతో నెట్టాడు. రాలేదు. వదులక్కా... అంటున్నట్టు పెదవులు కదిలాయి.

నేను గోడ దగ్గర ఉన్నాను. చేతులు జోడించి ఉన్నాను.

అద్దం మీద ఆవిరి కమ్మింది. వాడు కనిపించలేదు. పరుగెత్తి పిడి పట్టుకుని లాగాను. అవతలినుంచి ఇంకెవరో లాగారు. మళ్ళీ లాగాను... చెయ్యి జారింది. నేను వదిలేశాక తలుపు చప్పుడు లేకుండా దానంతటదే తెరుచుకుంది.

తమ్ముడు దిగాడు. తలుపు మూశాడు. నా చెయ్యి పట్టుకుని "పద, ఇంటికి పోదాం" అన్నాడు. వాడి చెయ్యి చల్లగా ఉంది. శుభ్రంగా ఉంది. అప్పటిదాకా గ్రీజులో మునిగిన చెయ్యి, గోళ్ళ సందుల్లో కూడా నలుపు లేదు.

వెనక కారు అద్దం మీద ఆవిరి పలచబడింది. చిక్కబడింది. మళ్ళీ పలచబడింది... ఊపిరి తీసి వదులుతున్నట్టు.

షెడ్డుకు తాళం వెయ్యమన్నాడు. వేశాను.

ఇప్పుడు వాడికి హాయిగా నిద్ర పడుతోంది. ముఖం తేటపడింది. నా అన్నవాడు నాకు మిగిలాడు, అంతే చాలని రోజూ దేవుడికి చెప్పుకుంటున్నాను. తాళంచెవి నా కొంగునే ఉంది. ఆ వైపు వెళ్ళడం లేదు.

నిన్న సాయంత్రం వాడు దువ్వెన తెచ్చి నా వెనక కూర్చున్నాడు. జుట్టు కొసల నుంచి మొదలుపెట్టి పైకి, ఒక్క వెంట్రుకా తెగకుండా చిక్కు తీశాడు. వాడికి ఆ పని ఎవరూ నేర్పలేదు.

"కదలకు తల్లీ" అన్నాడు.

నేను కదల్లేదు.