సందుల్లో దాగిన ఆర్డర్

పెదవేగి పామాయిల్ తోటలో ఏజెంట్ నెల్సన్‌ని వెనక నుంచి కాల్చి చంపారు. చనిపోయే ముందు అతను చీఫ్ కోదండరామయ్యకి రొయ్యల ధరలు చెప్పే వెబ్‌సైట్ లింకూ, రెండే మాటలూ పంపగలిగాడు: "సందులు చూడండి."

మర్నాడు ఉదయం కారు భీమడోలు దాటుతుండగా ఏజెంట్ రూబీకి ఆ గుట్టు తెలిసింది. పేజీలో పేరాకి రెండు అంచులూ గీత గీసినట్టున్నాయి. అలా రావాలంటే కంప్యూటర్ ప్రతి లైన్లోనూ మాటల మధ్య సందుల్ని సాగదీయాలి. కొన్ని లైన్లలో సందులు వెడల్పు, కొన్నింట్లో ఇరుకు. వెడల్పు డాష్, ఇరుకు డాట్. మోర్స్ కోడ్!

"ఏముందమ్మా?" ఫోన్లో చీఫ్.

"కొల్లేరు, పడవ, పదకొండుకి ఆఖరి ఆర్డర్. అంతేనండి."

"అయితే వాళ్ల గురి సైంటిస్ట్ దేవకుమారిగారే! నేవీ డ్రోన్ ట్రయల్‌కి కొల్లేట్లోకి వెళ్లిపోయారు. ఫోన్లూ రేడియోలూ ఆఫ్. హంతకులు జాలర్ల వేషంలో ఉంటే అన్ని పడవల్లో ఎలా గుర్తుపడతాం? ఆ ఆర్డర్ వెళ్లకూడదు."

"సైట్ ఎవరిది?"

"తాడేపల్లిగూడెంలో ఇందుజ. మన ఇన్ఫార్మరే."

నెల్సన్ ఎక్కడికి వెళ్తాడో తెలిసింది ఇందుజ ఒక్కదానికే. రూబీ పళ్లు బిగబట్టింది.

పది యాభై ఆరు. రొయ్యల మేతల కంపెనీ యూనిఫాం చీరలో రూబీ ఆ సైట్ ఆఫీసులో అడుగుపెట్టింది. ఎదురుగా రవ్వల ముక్కుపుడక, పట్టుచీర, చేతిలో పిస్టల్. ఇందుజ నవ్వింది.

"రండి రూబీగారూ. ఇంకో నాలుగు నిమిషాలు కూర్చోండి."

"నెల్సన్ నిన్ను నమ్మాడు."

"నమ్మమని నేను బతిమాలలేదండీ."

"ఆర్డర్ అందకపోతే?"

"మావాళ్లు కాల్చరు, ఒడ్డుకొచ్చేస్తారు. కానీ అందుతుందండీ. టైమర్ పెట్టాను."

రూబీ జాకెట్టుకున్న పెన్ను నొక్కింది. కారం స్ప్రే ఇందుజ కళ్లలో పడింది. తూటా ఏసీలో దిగింది. మరుక్షణం ఆమె చేతులకి బేడీలు పడ్డాయి.

పది యాభై తొమ్మిది. రాత మార్చాలన్నా, టైమర్ ఆపాలన్నా పాస్‌వర్డ్ కావాలి. పేజీ రూపు దిద్దే స్టైల్‌షీట్ మాత్రం స్క్రీన్ మీద తెరిచే ఉంది. 'టెక్స్ట్-అలైన్: జస్టిఫై', అంటే రెండు అంచులూ సమం చెయ్యమని. రూబీ కీబోర్డు లాక్కుంది. జస్టిఫై చెరిపింది. లెఫ్ట్ అని కొట్టింది. సేవ్!

పదకొండు. కొత్త పేరా తెరుచుకుంది. కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉంది. సందులన్నీ ఒకే కొలత. డాట్ లేదు, డాష్ లేదు.

పావుగంటకి చీఫ్ ఫోన్ చేశాడు. "నలుగురు జాలర్లు ఒడ్డుకొచ్చారు. వలల కింద రైఫిళ్లు. పట్టుకున్నాం. మేడమ్ క్షేమం."

రూబీ కళ్లు మూసుకుంది. నెల్సన్ మొహం కనిపించింది.

టింగుమంటూ సైట్‌కి ఒక మెసేజ్ వచ్చింది. ఎవరో అమరేశ్వరరావు, రొయ్యల రైతు.

"ఏవండీ, ఇన్నాళ్లకి కళ్లు నెప్పెట్టకుండా చదువుకునేలా పెట్టారండీ. ఈ పని చేసినోళ్లకి జీతం పెంచండి."