ఆగుదినం

కంప్యూటర్లోని తిథిపత్రంలో గంగమ్మ జాతర వరుస ముందు రెండు సెమికోలన్లు కొట్టింది హేమసుందరి. తెరమీద వైశాఖంలో ఎర్రగా ఉన్న గడి తెల్లబడింది. అంతే, వచ్చే ఏడు ఆ రోజు పనిరోజు. వరుసను చెరిపెయ్యకూడదు, సెమికోలన్ల వెనక పడుకోబెట్టాలి. ఒడ్డువాళ్ల, అంటే పైనున్న కంపెనీ ఆఫీసువాళ్ల, మనసు మారితే మళ్లీ లేపొచ్చని నియమం. ఆమె ఈ కుర్చీలో కూర్చున్న తొమ్మిదేళ్లలో ఒకసారి పడుకున్న పండుగ మళ్లీ లేచింది లేదు.

మధ్యాహ్నంలోగా స్థానిక పండుగల్లో ఇంకో మూడు తెల్లబడాలని ఆదేశం. భీమిలికి ఎదురుగా, సముద్రం అడుగున ఉన్న ఈ గనిలో అన్నీ తిథిపత్రం చెప్పినట్టే నడుస్తాయి. ఎర్రగడి రోజున తొలుపుయంత్రాలు ఆగుతాయి, సొరంగాల గేట్లు తెరుచుకుంటాయి, లిఫ్టు దిగివచ్చి మనుషుల్ని ఒడ్డుకు తీసుకుపోతుంది. తెల్లగడి రోజున షిఫ్టు ముగిసేదాకా గేటూ తెరుచుకోదు, లిఫ్టూ కదలదు. ఆపే మీట ఏ మనిషి చేతికీ ఇవ్వలేదు. ఇస్తే ఊరికే ఆపేస్తారని ఒడ్డువాళ్ల అనుమానం.

పదీ ఇరవైకి మూడో సొరంగం నుంచి ఫోను మోగింది. మేస్త్రీ అసిరినాయుడు.

"తల్లీ, గోడ సెమరుస్తంది."

"అది రోజూ ఉండేదే కదా బాబాయ్. యంత్రాలను చల్లబరిచే నీళ్లు."

"ఆ నీళ్లు సప్పగుంటాయి. ఇది నాలిక్కి రాసుకుని సూసినాను. ఉప్పగున్నాది."

గోడకు బిగించిన మీటర్లు నీటి ఒత్తిడి కొలుస్తాయి, వేగం కొలుస్తాయి. రుచి చూసే మీటరు లేదు. ఉప్పగా ఉందంటే లోపలికి వస్తున్నది సముద్రమే. పదకొండింటికి తొలుపుయంత్రం ఆ గోడలోకే దిగాలి. లోపల నలభై ఒక్కమంది ఉన్నారు.

"ఒడ్డుకు చెప్పావా?"

"సెప్పినాను. మీటరు పచ్చగుంది, పని సూసుకోమన్నారు. ఇయాల పండగని రాసీ తల్లీ. ఏదో ఒక పండగ."

రాయడం ఎంతసేపు? జాతర వరుసను కాపీ చేసి ఇవాళ్టి తేదీ వేసింది. పత్రం తిప్పికొట్టింది: స్థానిక పండుగకు ముప్ఫై రోజుల ముందు నోటీసు కావాలి. సాధారణ పండుగల జాబితాకు ఒడ్డు తాళం ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టుంది దీని వ్యవహారం. ఒడ్డున ఉన్న మేనేజరు చక్రధర్‌కు ఫోను చేసింది.

"గోడలు నాకడం కొత్త పరీక్షా, హేమగారూ?" నవ్వాడాయన. "మీటర్లు బాగానే ఉన్నాయంటున్నాయి. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? మీ పని తేదీలు. అవి చూసుకోండి."

ఫోను పెట్టేశాడు. పదీ నలభై.

తిథిపత్రం చివర ఒక వరుస ఉంది. ఎప్పుడో సమ్మె చేసి సాధించుకున్న వరుస; ఎన్ని ఆదేశాలు వచ్చినా దాని ముందు సెమికోలన్లు పడలేదు. కార్మికుల్లో ఒకరు పోతే ఆ క్షణం నుంచే ఆగుదినం. నోటీసు అక్కర్లేదు, ఒడ్డు అనుమతి అక్కర్లేదు. పోయినవారి నంబరు, నమోదు చేసేవారి వేలిముద్ర చాలు. కాకపోతే ఒకసారి పడిన నంబరును తిరిగి బతికించే దారి పత్రంలో లేదు. ఆ నంబరుకు తిండి రాదు, గేటు తెరుచుకోదు, లిఫ్టు ఎక్కనివ్వదు.

అసిరినాయుడికి ఫోనులో ఈ సంగతి చెప్పింది.

"నా నంబరెట్టీ. అరవై దాటినోణ్ణి."

"గేటు ఒక్కొక్కర్నే నంబరు చూసి వదులుతుంది బాబాయ్. అందరూ బయటపడ్డాక నువ్వొక్కడివీ ఆ గోడ దగ్గర మిగిలిపోతావు."

"మరెవరిది రాస్తావు?"

హేమ కీబోర్డు దగ్గరికి లాక్కుంది. లోపలున్నవాళ్లలో ఎవరి నంబరు వేసినా అంతే. గేటుకు ఇవతల ఉన్నది ఆమె ఒక్కతే. చావాలని ఆమెకు లేదు, ఏ కోశానా లేదు. ఒక అంకె తప్పు పడింది. చెరిపి మళ్లీ కొట్టింది: 1107. తన నంబరు. వేలిముద్ర వేసింది. పోయినవారూ నమోదు చేసేవారూ ఒకరే కాకూడదని ఎవరూ ఎక్కడా రాయలేదు. ఎవరికి తడుతుంది?

పదీ యాభై ఏడుకు ఇవాళ్టి గడి ఎర్రబడింది. నేల అదురు ఆగిపోయింది. మరుక్షణం కీబోర్డు ఆమె వేళ్లకు పలకడం మానేసింది.

లిఫ్టు దగ్గరికి అందరూ పరుగెత్తుకొచ్చారు. ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. నంబరు చూసే పలక మీద హేమ చెయ్యి పెట్టగానే లిఫ్టు గేటు మూసుకుంది. "1107 లేరు," అంది.

"ఓసి పిచ్చితల్లీ," అన్నాడు అసిరినాయుడు. "ఎంత పని సేసినావే!"

"మీరు వెళ్లండి బాబాయ్. టైము లేదు."

అతను కదల్లేదు. లిఫ్టు పక్కన గోడకు వేలాడుతున్న స్ట్రెచర్ వైపు చూశాడు. గనిలో పోయినవాళ్లను ఒడ్డుకు చేర్చేది దాని మీదే. శవానికి నంబరు అడగరు.

"పడుకో."

"బాబాయ్..."

"నడిస్తే గేటు తియ్యదు. మోస్తే తీస్తది. బతికున్న మడిసిని మొయ్యకూడదంటారు గానీ, ఏటి సేస్తాం? పడుకో!"

ఆమె పడుకుంది. తలదాకా గుడ్డ కప్పారు. నలుగురు భుజాలకెత్తుకున్నారు. గేటు తెరుచుకుంది.

లిఫ్టు సగం దూరం ఎక్కిందో లేదో కింద ఏదో విరిగినట్టు పెద్ద చప్పుడైంది. లిఫ్టు ఊగిపోయింది. ఎవరో ఏడ్చారు. కాసేపటికి పైనున్న స్పీకరులో చక్రధర్ గొంతు పలికింది. అందులో ఇప్పుడు నవ్వు లేదు.

"మూడో సొరంగం మీటర్లన్నీ ఆరిపోయాయి. ఆగుదినం ఎందుకు పడింది? పోయిందెవరు?"

ఆయన మళ్లీ అడిగాడు.

గుడ్డ కింద నుంచి జవాబు వచ్చింది. "నేనేనండీ చక్రధర్ గారూ, హేమసుందరిని. మిగతా నలభై ఒక్కమందీ బతికే ఉన్నారు."