మూడు సెకన్ల అవతల

దోపిడీ పడవలు గవ్వలపాలెం ఒడ్డుకు తగిలేసరికి నూకాలు రేడియో గదిలోనే ఉంది. కిటికీలోంచి చూస్తే ఇసుక మీద అప్పటికే నలుగురు పడి ఉన్నారు. ఆమె భర్త పైడయ్య తలుపుకి అడ్డంగా బల్ల జరిపి, చేపలు కోసే కత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"కొండకి సెప్పీసినావా?"

"సెప్తన్నాను. పలకట్లేదు."

యుద్ధంలో ఉపగ్రహాలు కూలి, కేబుళ్ళు తెగి ఇరవై ఏళ్లు దాటింది. ఫోన్లు లేవు. ఒకప్పుడు కొందరికి సరదాగా ఉండిన అమెచ్యూర్ రేడియోయే ఇప్పుడు ఊరికీ ఊరికీ మధ్య దారి. తీరానికి ఆపదొస్తే కొండ మీది ముప్పై స్టేషన్లను పిలవాలి, పిలుపు చదివినవాళ్ళు సాయానికి దిగి రావాలి. కంప్యూటర్ పొట్టి సందేశాన్ని సన్నటి ఈలలుగా మార్చి పంపుతుంది. ఎంత హోరులోనైనా అవతలి కంప్యూటర్ ఆ ఈలలను ఏరి చదువుతుంది. షరతు ఒక్కటే. పదిహేను సెకన్లు ఒకరి వంతు, తర్వాతి పదిహేను ఇంకొకరిది. వంతు మొదలయ్యే క్షణం రెండు గడియారాల్లోనూ ఒకటే కావాలి. రెండు సెకన్లకు మించి తేడా వస్తే ఈలలు చెవికి వినబడుతూనే ఉంటాయి, తెర మీద మాత్రం అక్షరం పడదు.

సమయం చెప్పే ఉపగ్రహాలు పోయాయి కనక డాక్టర్ అలివేణి 'కాలసంధి'ని కనిపెట్టింది. అరచేతిలో పట్టే పెట్టె అది. తనకు వినబడే స్టేషన్లన్నీ ఏ క్షణంలో మొదలుపెడుతున్నాయో గమనించి, ఎక్కువమంది ఎక్కడుంటే అక్కడికి తన కంప్యూటర్ గడియారాన్ని జరుపుతుంది. గుంపుకు దూరంగా నడిచే గడియారాన్ని చెడిపోయినదిగా ఎంచి వదిలేస్తుంది. "ఇక సమయాన్ని ఎవరో పైనుంచి ఇవ్వరు. మనమే కలిసి చేసుకుంటాం" అనేది అలివేణి. పాత రేడియోల్లో ధ్వని ఆలస్యంగా వస్తుందని, గడియారాన్ని చేత్తో ముందుకో వెనక్కో సర్దుకోవడానికి పెట్టె పక్కన ఒక చిన్న మర కూడా అమర్చింది.

పెట్టెల తనిఖీకి వచ్చిన అలివేణి ఆ ఉదయం నూకాలు పక్కనే ఉంది. హెడ్‌ఫోన్ లాక్కుని చెవికి ఆనించుకుంది. కొండ ఈలలు వినిపిస్తూనే ఉన్నాయి. కాకపోతే వంతు మొదలైన మూడు సెకన్లకు గాని మొదలవడం లేదు.

"కొండ బాగానే ఉంది నూకాలూ. వాళ్ళ గడియారం జరిగింది. మన పెట్టె తీరం స్టేషన్ల గుంపుతోనే ఉండిపోయింది."

"ముప్పై స్టేషన్లకీ ఒక్కసారే ఎలా జరుగుద్దమ్మా?"

జవాబు చెప్పే వ్యవధి లేదు. గొడ్డలి దెబ్బకు తలుపు చీలింది. ఆ చీలికలోంచి గడియ కోసం ఒక చెయ్యి లోపలికొచ్చింది. దాని మణికట్టు మీద పైడయ్య ఒకే ఒక్క వేటు వేశాడు. బయట కేక. వెంటనే చెక్కల్లోంచి తుపాకి పేలింది. పైడయ్య గొంతు పట్టుకుని, నూకాలు కాళ్ళ మీదికి వెల్లకిలా పడ్డాడు.

అలివేణి తమ పెట్టె మరను మూడు సెకన్లు వెనక్కి తిప్పింది. తెర మీద కొండవాళ్ళ మాటలు వరసగా పడ్డాయి.

'గవ్వలపాలెం వైపు పొగ.'

'ఎవరికైనా పిలుపు వినబడిందా?'

'లేదు. నాకు లేదు.'

'నాకూ లేదు.'

నూకాలు పాదాలు వెచ్చటి నెత్తుట్లో ఉన్నాయి. ఆమె కిందికి చూడలేదు. 'గవ్వలపాలెం. చంపుతున్నారు. రండి' అని కొట్టి, కొండ కాలంలో పంపింది. తలుపు ఊడి లోపలికొచ్చినవాడి మొహాన అలివేణి బ్యాటరీ ఆసిడ్ కుమ్మరించింది. వాడు కళ్ళు పట్టుకుని గోడకు గుద్దుకుంటూ అరుస్తుంటే, నూకాలు భర్త చేతిలోంచి కత్తి తీసుకుని ఆ అరుపు ఆపింది.

తమ తెరల మీద ఊరి పేరుతో సహా పిలుపు పడ్డాక కొండకు సాకు దొరకలేదు. లారీల్లో మనుషులొచ్చారు, పడవలను తరిమారు. అప్పటికి ఊళ్ళో సగం ఇళ్ళు కూలాయి. పైడయ్య బతకలేదు.

అతన్ని ఇసుకలో పూడ్చిన మర్నాడు ఇద్దరూ కొండ ఎక్కారు. కొండ స్టేషన్లు నడిపేవాళ్ళందరినీ ముఖ్య ఆపరేటర్ కోదండం హాల్లో కూర్చోబెట్టాడు. మొదటి కాలసంధికి అలివేణితో కలిసి తీగలు అతికినవాడు అతను.

"గడియారాలు జరపమని ఆర్డరు ఎవరిచ్చారు కోదండం?" అంది అలివేణి.

"ఆర్డరేం లేదు మేడమ్." అతను తల ఎత్తలేదు. "ఉప్పుటేరు ఊరివాళ్ళు సాయానికి పిలిచినప్పుడు మావాళ్ళు వెళ్ళారు. నా తమ్ముడు కూడా వెళ్ళాడు. శవం కూడా రాలేదు. మర్నాడు ఇంకో ఊరు పిలవడం మొదలెట్టింది. చదివితే వెళ్ళాలి. చదవలేకపోతే ఎవరి తప్పూ కాదు. మర తిప్పేశాను."

"మిగతావాళ్ళకి చెప్పావా?"

"ఎలా చెప్పుకుంటాను? నాదొక్కటే తిప్పుకున్నాను. మొత్తం కొండంతా ఎందుకు జరిగిందో నాకిప్పటికీ తెలీదు."

అలివేణికి తెలిసింది. ఒక్కడు మర తిప్పితే మిగతా కాలసంధులు అతన్ని వదిలేసి తమ దారిన తాము పోతాయి. కొండ కాలం జరిగిందంటే సగానికి మించి స్టేషన్లలో ఎవరికి వారే మర తిప్పి ఉండాలి. ఆమె మెల్లగా బెంచీల వైపు తిరిగింది.

ఆమె తిరిగిన ఆ క్షణంలోనే నూకాలు చీర మడతలోంచి కత్తి తీసింది. మొదటి పోటు పక్కటెముకల కింద, రెండోది మెడలో దిగాయి. కోదండం బల్ల అంచు పట్టుకోబోయి, దాని మీది కాలసంధి పెట్టెను కూడా లాక్కుంటూ పడిపోయాడు. నేల మీద అతని కాళ్ళు కాసేపు కొట్టుకున్నాయి.

"నాను పిలిస్తే నీకు ఇనబడలేదా" అంది నూకాలు, వగరుస్తూ.

"వీడొక్కడే కాదు నూకాలూ." అంది అలివేణి. "ఒక్కడు తిప్పితే జరగదు. నేను చేసిన పెట్టె, నాకు తెలుసు." బెంచీల కేసి చూసింది. "ఇంకా ఎవరెవరు తిప్పారు?"

నూకాలు కత్తి దించకుండా వాళ్ళ వైపు తిరిగింది. ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వెళ్ళింది. నెత్తురు సన్నగా పారుతూ మొదటి వరస చెప్పుల దాకా వచ్చింది. అక్కడ కూర్చున్నాయన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"ఆయన ఒప్పుకున్నాడు కదండీ" అన్నారెవరో వెనకనుంచి. "మాకెవరికీ ఏమీ తెలీదు."

హాల్లోని తలలన్నీ ఒకే క్షణంలో, ఏమాత్రం తేడా లేకుండా అవునన్నట్టు ఊగాయి.