పళ్ళు తిరగేసిన రంపం

సాలూరు శివార్లలోని కోతమిల్లుకు రంపం మేస్త్రీ దాలినాయుడు ఆ నెలలో రావడం ఇది మూడోసారి. మూడుసార్లూ ఒకటే ఫిర్యాదు: రంపం తిరుగుతోంది గాని కర్ర తెగడం లేదు. మనిషి తోలక్కర్లేని తనదారి బండి అతన్ని గేటు దగ్గర దించి, ఫిర్యాదు సంఖ్య చదివి, గంటలో తిరిగొస్తానని చెప్పి వెళ్లిపోయింది.

మిల్లులో పట్టీ రంపం ఆగి ఉంది. కింద ఒకటి, పైన ఒకటి రెండు పెద్ద చక్రాలు, వాటిని చుట్టి సన్నటి ఉక్కు పట్టీ. దాలినాయుడు తలుపు తెరిచి ఒక్క చూపు చూశాడు. అనుకున్నట్టే పట్టీని లోపలిది బయటికి తిరగేసి ఎక్కించారు. కిందికి చూడాల్సిన పళ్ళు కప్పు కేసి చూస్తున్నాయి.

"మల్లీ పళ్ళు పైకెట్టీసినావప్పా," అన్నాడు.

"అలాగైపోనాదా?" అంది మిల్లు యజమానురాలు అప్పలనర్సమ్మ, టీ గ్లాసులు తెస్తూ. "సూసుకోనేదు నాయుడూ. వొయిసు మీద పడిపోనాది."

ఆవిడకు అరవై నాలుగు. తనకంటే పెద్దదని దాలినాయుడు అప్పా అంటాడు. పదిహేనో ఏటి నుంచి ఈ మిల్లులోనే కోత కోస్తోంది. కళ్లకు గంతలు కట్టినా పట్టీ ఎటు ఎక్కించాలో ఆవిడ చేతులకు తెలుసు. ఆ సంగతి దాలినాయుడికీ తెలుసు. టీ గ్లాసు అందుకున్నాడు.

పాతికేళ్ల కిందట స్పందసవరణి వచ్చింది. అంత పేరు పలకలేక జనం నాడిబిళ్ళ అన్నారు. రూపాయి బిళ్ళంత ఉంటుంది. యంత్రానికి అతికిస్తే చాలు, దాని అదురును పట్టుకుని వదులైన చోట బిగింపజేస్తుంది, బిగిసిన చోట వదులు చేయిస్తుంది. పంపులు, ఫ్యాన్లు, కుట్టుమిషన్లు అన్నీ చెడిపోవడం మానేశాయి. దాంతో ఒకరి గడప ఒకరు తొక్కే పనీ పోయింది. పానా ఇమ్మని పక్కింటివాడు రాడు. కర్ర చూసుకోవడానికి కొనేవాడూ రాడు. కొలతలు తెర మీద వస్తాయి, పలకలు బండిలో పోతాయి. జిల్లాలో డెబ్భైమంది రంపం మేస్త్రీలు ఉండేవారు. ఇప్పుడు దాలినాయుడు ఒక్కడే మిగిలాడు.

నాడిబిళ్ళకు బిగువు తెలుసు, వేడి తెలుసు. పన్ను ఎటు చూస్తోందో మాత్రం తెలియదు. అంత వెర్రి తప్పు ఎవరు చేస్తారులే అని దాన్ని తయారుచేసిన మహానుభావులు అనుకుని ఉంటారు.

దాలినాయుడు బిగువు వదులుచేసి పట్టీని దించాడు. రెండు చేతులా పట్టుకుని మెలిపెట్టి తిరగేశాడు. ఎక్కించి, బిగించి, వేలితో మీటి చప్పుడు విన్నాడు. తర్వాత పై చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పసాగాడు. ఇది పాతకాలపు పద్ధతి. ఒకరు తిప్పాలి, అవతల నిలబడ్డ మనిషి పట్టీ చక్రం నడిమిన నడుస్తోందో లేదో చూసి చెప్పాలి. నాడిబిళ్ళ ఆ పని రెప్పపాటులో చేసేస్తుంది. అయినా అప్పలనర్సమ్మ చెంగు దోపుకుని అవతల నిలబడింది.

"ఉందా?"

"రవ్వంత యివతలికొచ్చినాది."

"ఇప్పుడో?"

"ఆఁ, నడిమికొచ్చీసినాది. అయినా ఇంకో నాలుగు తిప్పు."

నాలుగు కాదు, నలభై తిప్పాడు. రంపం ఎప్పుడో కుదిరింది. ఆవిడ మేక ఈనిన సంగతి, మొన్నటి గాలివాన, పనసకర్ర గిరాకీ ఏకరువు పెడుతూనే ఉంది. ఇంటికి వెళితే పలకరించే దిక్కు లేని దాలినాయుడికి చెయ్యి ఆపబుద్ధి కాలేదు.

అప్పుడు ఆవిడ మణికట్టు కనిపించింది. నల్లగా కమిలిపోయి ఉంది.

"ఏటప్పా యిది?"

"పలకెగిరి తగిలినాది. తగ్గిపోద్దిలే."

పళ్ళు పైకి ఉండగా కర్ర నెడితే రంపం దాన్ని ఎత్తి విసురుతుంది. కర్ర తెగలేదని యంత్రం నమోదు చేస్తేగాని ఫిర్యాదు వెళ్లదు. ఫిర్యాదు వెళితేగాని మేస్త్రీ రాడు. అందుకని ఆవిడ తెలిసి తెలిసి కర్ర నెడుతోంది. దాలినాయుడు చక్రం తిప్పడం ఆపేశాడు.

తిరుగు ప్రయాణంలో జేబులోని మాటపలక వెలిగింది. ఈ నెల పదకొండు మిల్లుల నుంచి ఇదే ఫిర్యాదు, కారణం రాయమని మరమ్మతుల కేంద్రం అడుగుతోంది. ఆ పదకొండు మిల్లుల్లోనూ ఒంటరి మనుషులే. తెలియలేదని రాస్తే తన రాకపోకలు సాగుతాయి. కానీ ఇవాళ మణికట్టు, రేపు వేళ్లు. బండి రామభద్రపురం దాటేదాకా ఎటూ తేల్చుకోలేకపోయాడు. ఆ టీ కోసం, ఆ నాలుగు మాటల కోసం తానింత తటపటాయిస్తున్నందుకు సిగ్గేసింది. 'పట్టీ తిరగేసి ఎక్కిస్తున్నారు. దెబ్బలు తగులుతున్నాయి' అని రాసి పంపేశాడు. ఎందుకు తిరగేస్తున్నారని కేంద్రం అడగలేదు.

వారం తిరక్కుండా కేంద్రం మిల్లులన్నిటికీ పంటికన్ను పంపింది. పన్ను పైకి చూస్తే ఆ కన్ను చక్రాన్ని కదలనివ్వదు. ఎలా సరిచేసుకోవాలో తెర మీద బొమ్మ వేసి మరీ చూపిస్తుంది. దెబ్బలు ఆగాయి. దాలినాయుడికి మెచ్చుకోలు వచ్చింది. ఫిర్యాదులూ ఆగిపోయాయి.

నలభై రోజులు చూశాడు. ఆ మర్నాడు పొద్దున్నే తనదారి బండిని సాలూరు పదమన్నాడు. ఫిర్యాదు సంఖ్య లేనిదే కదలనంది. బస్సెక్కి వెళ్లాడు.

గేటు చప్పుడుకు అప్పలనర్సమ్మ కంగారుగా పరుగెత్తుకొచ్చింది. "ఏటైనాది నాయుడూ? నాను పిలవనేదే!"

"ఏటీ కానేదప్పా. ఊరికే వచ్చినాను."

లోపల రంపం చక్కగా కోస్తోంది. అలవాటు కొద్దీ దాని దగ్గరికి వెళ్లి, తలుపు తెరవడానికి కారణం లేక ఆగిపోయాడు.

"సెయ్యి తగ్గినాదా?"

"తగ్గిపోనాది. ఆ కన్నెట్టినారు కదా." టీ గ్లాసు అందిస్తూ, "నువ్వే రాసినావా?" అంది.

"నానే."

"మంచి పనే సేసినావులే. సెయ్యి పోయుండును."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. టీ నిలబడే తాగారు. చేతిలో చక్రం లేకుండా, అవతల చూసి చెప్పాల్సింది లేకుండా ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తోచలేదు. గ్లాసు కింద పెట్టి వెళ్లొస్తానన్నాడు. ఆవిడ గేటు దాకా వచ్చింది.

"మల్లీ వొత్తావా నాయుడూ?"

"ఏ పని మీదప్పా?" అని అడిగేశాడు. రాననడం అతని ఉద్దేశం కాదు. ముప్పై ఐదేళ్లుగా పని ఉన్న గడపే తొక్కిన మనిషి. నోటికి అదే వచ్చింది.

అప్పలనర్సమ్మ వెనక్కి తిరిగి మిల్లు కేసి చూసింది. ఎక్కడైనా ఒక్క లోటు దొరక్కపోతుందా అని చక్రాలు, పట్టీ, బిళ్ళ, కన్ను ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చింది.

"ఏటీ నేదు," అంది చివరికి. "అన్నీ బాగానే ఉన్నాయి."