లేని డిస్కు తిరిగిన చప్పుడు

మధ్యాహ్నం. మా మహిళా సంఘం ఆఫీసు సెల్లారులో ఉంది. తడి గోడల వాసన, ఫ్యాన్ల రొద. టీ గ్లాసు పక్కన పెట్టుకుని లినక్స్ సర్వరు స్విచ్ వేశాను. రోజూ చేసే పనే.

సగంలో ఆగిపోయింది. నల్లటి తెర మీద ఒకటే మాట: వాల్యూమ్ గ్రూపులో ఒక డిస్కు లేదు.

డబ్బా విప్పాను. కింది గూడు ఖాళీ. వైర్లు వేలాడుతున్నాయి.

ఆ డిస్కు చనిపోయిన మా అక్కది. సర్వరులో చోటు చాలక, దాన్ని పాత డిస్కుతో కలిపి ఒకే లాజికల్ వాల్యూముగా, అంటే రెండూ ఒకే పెద్ద డిస్కులా పనిచేసేలా, నేనే సాగదీశాను. ఇక రెండూ ఉంటేనే సర్వరు లేస్తుంది. మొగుడు ఎలా కొట్టేవాడో అక్క చెప్పిన రికార్డింగు అందులోనే ఉంది. ఇంకో కాపీ లేదు.

అది మాయమైతే లాభం బావకే. ఫోన్ చేశాను.

"నా పెళ్ళాం వస్తువు, నిన్న వచ్చి పట్టుకెళ్ళా. సుత్తితో చితక్కొట్టా కూడా. ఇప్పుడు నడుపు మరదలా, కేసు!"

బతికుండగా అక్కకి జ్వరం మాత్ర తేని మహానుభావుడికి, చచ్చాక ఆమె సామాన్ల మీద ఎక్కడలేని ప్రేమ! అక్క తనే మెట్ల మీంచి జారిపడి పోయిందట. కోర్టులో అదే పాట.

మళ్ళీ ఫోన్. లాయరమ్మ. "ఆ రికార్డింగు గంటలో జడ్జి ముందుండాలి. అది లేకపోతే వాడు బయటపడతాడు తల్లీ."

ఉన్న డిస్కుతోనే లేపాలని తెలిసిన కమాండ్లన్నీ కొట్టాను. ఒక డిస్కు లేదు. ఒక డిస్కు లేదు. కీబోర్డు మీద తల వాల్చేశాను.

"అక్కా... లేవవే... ఈ ఒక్కసారి..."

టిక్... టిక్...

ఖాళీ గూట్లో డిస్కు తిరుగుతున్న చప్పుడు. చెయ్యి పెట్టి చూశాను. ఏమీ లేదు. కానీ వెచ్చగా ఉంది... అక్క వాడే సబ్బు వాసన.

తెర కదిలింది. డిస్కులు రెండూ ఉన్నాయంది. సర్వరు లేచింది.

రికార్డింగు పెట్టాను. అక్క గొంతే. చివరి మాట నాకు కంఠతా వచ్చు: "ఇంతే, ఇక చెప్పలేను."

అక్కడ ఆగాలి. ఆగలేదు.

"నిన్న సుత్తితో కొట్టాడు చెల్లీ..."

అక్క పోయి ఏడాది దాటింది.

"ఇప్పుడు నీ కోసం వస్తున్నాడు... సుత్తి చేతిలోనే ఉంది... తలుపు గడియ వెయ్యవే..."

బయట మెట్ల మీద చెప్పుల చప్పుడు. తలుపు వైపు చూశాను. గడియ వేసే ఉంది. నేను వెయ్యలేదు.

ఏదో జారి మెట్ల మీద దొర్లింది... ఇనుము చప్పుడు. తలుపు దబదబా మోగింది.

"మరదలా..." బావ గొంతు. ఏడుస్తున్నాడు. "తియ్యవే... నా వెనక మెట్ల మీద... ఎవరో..."

"తియ్యకు," అంది అక్క.

ఈసారి ఆ మాట స్పీకరులోంచి రాలేదు. తలుపు అవతలి నుంచి వచ్చింది.