బఠానీ గింజంత పేస్టు

ఉదయం ఏడున్నరకి సైంటిస్టుగారి డ్రైవర్ని గేటు ముందే కాల్చి చంపారు. ఎనిమిదికల్లా చీఫ్ నుంచి ఫోన్ వచ్చింది.

“సెవెన్టీన్! సైంటిస్టు రాడార్ కోడ్ ఇవ్వకపోతే ఈసారి ఆయన కూతురేనట. పిల్ల మీద ఈగ వాలకూడదు.”

“ఇంట్లోకి ఇంకెవరైనా వస్తారా సార్?”

“మన డిపార్ట్‌మెంట్ డెంటిస్ట్ ఒక్కతే. పాపకి పన్ను కదులుతోంది.”

ఏజెంట్ సెవెన్టీన్ ప్లంబర్ వేషంలో బాత్రూంలో చేరాడు. తొమ్మిదింటికి డెంటిస్ట్ వచ్చింది. చూపు తిప్పుకోలేనంత అందగత్తె.

“కొళాయి ఎన్నాళ్ళుగా కారుతోంది?” అన్నాడతను.

“పోయిన వానాకాలం నుంచి.”

రహస్య సంకేతం సరిపోయింది. అతను పానా దించాడు.

ఆమె బ్యాగులోంచి ట్యూబు తీసి, ఆరేళ్ళ పాప బ్రష్ మీద ఈ చివర నుంచి ఆ చివరిదాకా పిండింది.

“ఇది నాన్న పేస్టు. నాది స్ట్రాబెర్రీ,” అంది పాప.

“ఏదైనా ఒకటే బంగారం, రుచే తేడా. ఉమ్మకుండా మింగెయ్. ఏం కాదు.”

సెవెన్టీన్ ఉలిక్కిపడ్డాడు. తన కూతురికి ఇలాగే పెట్టి డాక్టరు చేత నానా చీవాట్లూ తిన్నాడు. పెద్దల పేస్టులో ఫ్లోరైడ్ ఎక్కువ, పిల్లలు మింగేస్తారు. అందుకే వాళ్ళ పేస్టే, బఠానీ గింజంత పెట్టి, దగ్గరుండి ఉమ్మించాలి. అది తెలిసిన డెంటిస్టే మింగమంటోందంటే, ఆ ట్యూబులో ఉన్నది విషమే!

పానా విసిరాడు. ఆమె భుజం ఎముక ఫట్‌మంది. ఆమె లిప్‌స్టిక్ మూత తిప్పింది. అందులోంచి దూసుకొచ్చిన గుండు అతని చెవి తమ్మెను ఎగరగొట్టింది. ఆమె మోకాలితో అతని మూతి మీద గుద్దింది. రెండు ముందరి పళ్ళు ఊడి నెత్తురుతో సహా నేల మీద పడ్డాయి. అంతలో ఆమె పాప దవడ నొక్కి నోరు తెరిపించింది. బ్రష్ వెంట్రుకవాసి దూరంలో ఉంది. సెవెన్టీన్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ మణికట్టు విరిచి, ఆమె తలను వాష్‌బేసిన్‌కేసి బాదాడు. పింగాణీ పగిలింది. ఆమె మళ్ళీ లేవలేదు. పేస్టు పడిన ఇత్తడి కొళాయి బుసబుసమని నల్లబడింది.

“ఆరేళ్ళుగా మన మనిషే కదయ్యా! ఎలా కనిపెట్టావ్?” అన్నాడు చీఫ్ ఫోన్లో.

“పిల్లని పేస్టు మింగమంది సార్. మా అమ్మాయిని చూసే డాక్టరమ్మ వింటే చంపేసేది.”

ఏడుపు ఆపుకున్న పాప అతని నోట్లోకి తొంగిచూసింది.

“నాకు ఊడితే మళ్ళీ వస్తాయి అంకుల్. మీకు రావుగా, పాపం!”